కత్తెరకు దొరికే చోటు మనకొద్దు

సినిమా కాలక్షేపం, అందులో కులమేంటి, జాతేంటి అనే పెద్దమనుషులు ఊరికి నలుగురుంటారు. వాళ్ళకి అమెరికా సినిమాల సంగతి కొంచెం చెప్పాలి. తెర మీద ఏముందని చూస్తే చాలదు. ఆ సినిమా ఏ ఊళ్ళో ఎట్లా విడుదలైంది, హాల్లో ఎవర్ని ఎక్కడ కూచోబెట్టారు, రీళ్ళలోంచి ఎవర్ని కోసేశారు అని కూడా అడగాలి.

1939 డిసెంబరు 15న అట్లాంటాలో 'గాన్ విత్ ద విండ్' మొదటి ఆట వేశారు. బానిసల చాకిరీ మీద బతికిన భూస్వాములను గొప్పోళ్ళుగా చూపించిన సినిమా అది. అందులో దాసి వేషం వేసిన హాటీ మెక్‌డానియెల్‌కి ఆ ఆట చూసే వీల్లేదు. ఆ హాలు తెల్లవాళ్ళది. తెర మీద ఆమె కావాలి, తెర ముందు కుర్చీలో మాత్రం వద్దు! 1940 ఫిబ్రవరిలో ఆమెకే ఆస్కార్ ఇచ్చారు. నల్లజాతిలో అది అందుకున్న మొదటి మనిషి ఆమె. ఆ రాత్రి కూడా తోటి నటుల బల్ల దగ్గర కాకుండా గోడవారన చిన్న బల్ల వేసి విడిగా కూచోబెట్టారు. బహుమతి ఇచ్చినవాళ్ళే పంక్తి వేరు చేశారు.

తర్వాత లీనా హార్న్. 1942లో ఎం.జి.ఎం. కంపెనీ ఆమెను తీసుకుంది. పెద్ద కంపెనీ, మంచి బట్టలు, మంచి పాట. కానీ చాలా సినిమాల్లో ఆమెకు కథలో చోటు లేదు. వస్తుంది, పాడుతుంది, పోతుంది. ఎందుకట్లా? దక్షిణాది రాష్ట్రాల హాళ్ళకు పంపేటప్పుడు ఆ పాట కోసేసినా కథ తెగకూడదని! కత్తెర ఎక్కడ పెట్టాలో ముందే గీత గీసుకుని చోటిచ్చారన్న మాట.

మెంఫిస్ నగరంలో లాయిడ్ బిన్‌ఫర్డ్ అనే సెన్సారు పెద్ద ఉండేవాడు. 1945లో 'బ్రూస్టర్స్ మిలియన్స్' ఆపాడు. నౌకరు వేషం వేసిన నల్లనటుడు తెల్లవాళ్ళతో మరీ చనువుగా ఉన్నాడంట! 1947లో 'కర్లీ' ఆపాడు. తెల్లపిల్లలూ నల్లపిల్లలూ ఒకే బడిలో కలిసున్నారంట!

ఇది దక్షిణాది మూర్ఖుల పని, కంపెనీల తప్పు లేదంటారా? తెల్ల, నల్ల జాతుల మధ్య సంబంధం చూపించకూడదని కంపెనీలు తామే రాసుకున్న కట్టుబాటు 1956 దాకా ఉంది. 1949లో వచ్చిన 'పింకీ'లో నల్లపిల్ల వేషం తెల్లనటి జీన్ క్రెయిన్‌కిచ్చారు. అది కూడా ఓర్వలేక టెక్సాస్‌లోని మార్షల్ ఊళ్ళో ఆ సినిమా వేసినాయన మీద కేసు పెట్టి శిక్ష వేశారు. 1952లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

మరి దారేంటి? నల్లజాతి రచయిత ఆస్కార్ మిషో దారి చూడండి. 1919లోనే తన నవలను తనే సినిమా తీశాడు. 1948 దాకా నలభై వరకు తీశాడు. రీళ్ళు పట్టుకుని ఊరూరా నల్లవాళ్ళ హాళ్ళకు తిరిగాడు. డబ్బుల్లేవు, మెరుగుల్లేవు. సెన్సారు ఆయన్నీ వదల్లేదు. వాటిలో చాలా సినిమాలు ఇప్పుడు దొరకవు. అయినా ఆ కథల్లోంచి నల్లవాళ్ళను తీసేస్తే మిగిలేది ఖాళీ తెరే.

అందుకే అన్నలారా, అక్కలారా! సినిమాలోనైనా, సభలోనైనా, కమిటీలోనైనా మీకు చోటిచ్చాం కదా అని ఎవరన్నా అంటే ఒక్కటి అడగండి. మమ్మల్ని తీసేస్తే మీ కథ నడుస్తుందా? నడిచేటట్టయితే ఆ చోటు అరువు చోటే. కథ మనది కావాలి, రీలు మనది కావాలి, హాలు తాళంచెవి కూడా మన చేతిలో ఉండాలి.