పరదేశవాసికి రెండు పాఠములు

పరదేశమునకు పయనమగువాని యింట జరుగు సన్నాహము మనమెల్లరమును చూచినదే. పచ్చడి జాడీకి వాసెన గట్టుదురు. క్రొత్త బట్టలు కుట్టింతురు. ప్రయాణ పత్రములను పదిమారులు లెక్కించుకొందురు. సంఘపెద్దలు వచ్చి ప్రార్థన చేయుదురు. ఇవియన్నియు కావలసినవే. కాని యతడు ఓడ దిగినను, విమానము దిగినను, మొట్టమొదట నెదుర్కొనునవి రెండు: ఆ దేశపు గాలి, ఆ దేశపు చిన్న చిన్న మాటలు. మన సన్నాహములో ఈ రెంటికిని చోటు లేదు. వీనిని నేర్చుటకు విద్యకంటె వినయమే యెక్కువ కావలెననియు, ఆ వినయమును బడిలోనే యలవరచవలెననియు మా యభిప్రాయము.

మొదట గాలి సంగతి చెప్పుదుము. మన రైతునకు ఋతువు పంచాంగములో చదివినది కాదు, ఒంటికి తెలిసినది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుననును. జూన్ మొదటి వారము గడవగానే మిరుగు వచ్చినదని విత్తనములు సవరించుకొనును. డిసెంబరులో చలిమంటయు, కంబళియు. క్రిస్మసు వేకువ నారాధనకు వణకుచు పోవుట మన పిల్లలకు పండుగలో నొక భాగము. ఇదియంతయు లోకమంతటికి నొక్కటేయని మనమనుకొందుము.

అట్లనుకొన్నవారే పూర్వము సముద్రము దాటిరి. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ, మద్రాసున నెక్కిన కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. తరువాతి యర్ధశతాబ్దములో అనేకులగు తెలుగువారును నేటాలు దేశపు చెరకు తోటలకు, తేయాకు తోటలకు పోయిరి. ఆ దేశము భూమధ్యరేఖకు దక్షిణముననున్నది. కావున వారికి కాలచక్రమే తలక్రిందయ్యెను. మనము వానకొరకు మింటివైపు చూచు జూన్ మాసము అచ్చట చలిమాసము. వానలు హెచ్చుగా అక్టోబరు మొదలు మార్చి వరకు కురియును. క్రిస్మసు నడివేసవిలో వచ్చును. మృగశిర కార్తె తన తేదీకి తప్పక వచ్చెను గాని, తనతో తొలకరిని దెచ్చుట మానెను. అట్టిచోట పాత లెక్కను పట్టుకొని విత్తినవాడు పంట కోయడు. ఆ నేలను అడిగి విత్తినవాడే కోయును.

అట్టి తెలుగువారి యొద్దకు 1903లో తెలుగు బాప్టిస్టు సంఘములవారు జాన్ రంగయ్య గారిని మిషనెరీగా పంపిరి. ఇతర దేశముల మిషనెరీలు మన యొద్దకు వచ్చుటయే అందరు నెరిగిన ఆ కాలమున, తెలుగు క్రైస్తవులు తమవానినొకనిని సముద్రము దాటించి పంపుట సామాన్యమైన సంగతి కాదు. ఆయన కేర్స్నీ అను తేయాకు తోటల ప్రాంతమున సేవ నారంభించెను. చుట్టును తెలుగువారున్నను, యజమానుల మాట ఆంగ్లము; పొరుగువారి మాట తమిళము, హిందీ; ఆ నేలకు పుట్టినవారి మాట జూలూ. జూలూవారు నీళ్లను అమాంజి యందురు. వానను ఇంవూల యందురు. దప్పిగొన్నవానికి అమాంజి యను నొక్క మాట, వ్యాకరణ గ్రంథమంతటికంటె నుపయుక్తము.

మన యొద్దకు వచ్చిన పరదేశులకును పాఠమిదియే. ఎండకు, జ్వరములకు తాళలేక అమెరికను మిషనెరీలు 1845లో కోడైకెనాలు కొండపై నివాసము లేర్పరచుకొనిరి. అయినను కొండమీద సువార్త వినువారెందరు? వారు మరల మైదానమునకు దిగవలసినదే. మనవలెనే వేకువ లేచి, మధ్యాహ్నము నీడపట్టున నుండుట నేర్వవలసినదే. మాటల సంగతియు నట్లే. 1817లో మద్రాసునకు వచ్చిన సి. పి. బ్రౌను దొరగారు 1852లో గొప్ప తెలుగు నిఘంటువును ప్రకటించిరి. అంతటితో నిలువక, తెలుగువారి నోట మెలగు అన్యదేశ్యపదములకు 1854లో వేరొక నిఘంటువు కూర్చిరి. కావ్యములలో లేని మాటలని వానిని త్రోసివేయలేదు. కచ్చేరిలోను, అంగడిలోను జనులు పలుకుచున్నారు గనుక నేర్వదగినవే యనుకొనిరి. జలమని చదువుకొని పల్లెకు పోయినవానికి నీళ్లు పుట్టవని ఆయన కెరుకయే.

నేడు తెలంగాణ యువకులు అనేకులు గల్ఫు దేశములకు పోవుచున్నారు. మన యెండకు అలవాటుపడిన మాకు ఆ యెండ యేమి చేయునని కొందరు బీరములు పలుకుదురు. అది మన యెండ కాదు. ఐక్య అరబ్బు ఎమిరేటులలో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు, పగలు పండ్రెండున్నర మొదలు మూడు గంటల వరకు, ఆరుబయట కూలిపని చేయింపరాదని శాసనమే యున్నది. అచ్చటి వాయవ్యపు గాలికి షమాల్ అని పేరు. అది దుమ్మెత్తి పగటిని మసక చేయును. షమాల్ వచ్చుచున్నదని తోడివాడు చెప్పినప్పుడు, ఆ మాట తెలిసినవాడు ముఖమునకు గుడ్డ చుట్టుకొనును. తెలియనివాడు దుమ్ములో నిలిచి తెలిసికొనును. గాలియు, మాటయు వేరు పాఠములు కావని దీనివలన తెలియుచున్నది.

కొందరు తల్లిదండ్రులు, పరభాషలకిట్లు చోటిచ్చినచో పిల్లలు తమ భాషను మరతురు గదా యని శంకింతురు. ఆ భయము నిష్కారణము కాదు. కాని దక్షిణాఫ్రికాలో మూడు నాలుగు భాషల మధ్య మెలగిన తెలుగువారే 1931లో తమ భాషను నిలుపుకొనుటకు ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. పొరుగువాని మాట నేర్చుటవలన మన మాట పోదు; మన మాటకు మనమే సిగ్గుపడిననాడు పోవును.

ఈ పాఠమునకు మన కంగ్టి ప్రాంతముకంటె తగిన బడి యేది? 1956 వరకు నారాయణఖేడు తాలూకా బీదరు జిల్లాలోనిది. కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులు మనకు కూతవేటు వంటివే. మన బజారులలో ఒకడు వాన యనును, ఒకడు మళె యనును, ఒకడు పాఊస్ అనును, ఒకడు బారిష్ అనును. తడియుట మాత్రము అందరు నొక్కతీరుననే తడియుదురు. తండాలనుండి వచ్చు పిల్లల లంబాడీ యింకొకటి. ఇన్ని భాషల నడుమ పెరిగిన బాలుడు పరదేశములో తడబడనక్కరలేదు. కాని మనము వానికిచ్చట నేమి నేర్పుచున్నాము?

ఇక మా తప్పు నొకదానిని ఒప్పుకొందుము. మేము ఉపాధ్యాయవృత్తికి క్రొత్తగా వచ్చిన దినములలో, ఒక వసతిగృహమున, సరిహద్దు కావలనుండి వచ్చిన మరాఠీ బాలుడు పంక్తిలో కూర్చుండి మీఠ్ కావలెనని యడిగెను. మరాఠీలో మీఠ్ అనగా ఉప్పు. వడ్డించువాడు దానిని ఉర్దూలోని మీఠాయనుకొని, తీపి పండుగనాడు పెట్టుదుములే యనెను. పంక్తియంతయు నవ్వెను. మేమును నవ్వితిమి. ఆ బాలుడు అటుపిమ్మట దేనినైనను అడుగుట మానెననియు, చాల దినములు చప్పని పప్పే తినెననియు మాకాలస్యముగా తెలిసెను. మన జిల్లా దాటకయే వాడు పరదేశియయ్యెను. వానినట్లు చేసినవారము మేమే.

న్యాయాధిపతుల గ్రంథములో షిబ్బోలెతు కథ మన పిల్లలందరు చదువుకొన్నదే. ఒక్క యక్షరము పలుకలేనివారిని గిలాదువారు యొర్దాను రేవులయొద్ద పట్టుకొని చంపిరి. మనము కత్తి పట్టము, నవ్వుదుము. ఆ నవ్వునకు కూడ పదునున్నది. పెంతెకొస్తు దినమున ఆత్మ ఎవరి భాషను వారికి విడిచిపెట్టి, అందరికిని అర్థమగునట్లు చేసినదను సంగతిని జ్ఞాపకము చేసికొనుట మేలు.

కావున ప్రతి తరగతిలోను వారమునకొక దినము, ఒక బాలుడో బాలికయో తన యింటి భాషలో నీళ్లు, ఉప్పు, వాన, ఎండ, ఆకలి, నొప్పి యను ఆరు మాటలను తోడివారికి నేర్పవలెనని మా మనవి. ఆ దినమున ఉపాధ్యాయుడును బల్లమీద కూర్చుండి శిష్యుడు కావలెను. తల్లిదండ్రులు సాయంకాలము ఆ మాటలను పిల్లల నడిగి తెలిసికొనవలెను. ఇందులకు రొక్కమక్కరలేదు. విద్యార్థులారా, మీలో కొందరు రేపు దూరదేశములకు పోవుదురు. అచ్చట మీరు తప్పుగా పలికినప్పుడు నవ్వక, నెమ్మదిగా మరల చెప్పువాడొకడు మీకు దొరకవలెనని కోరుదుము. నేడు మీ ప్రక్కబల్లపై కూర్చున్నవానికి ముందుగా మీరట్టివారు కండు.