గల్ఫ్ కూలీ జీతంపై పొరుగు దేశాలు ఒక్క మాట మీద ఉండాలని కోరుతూ తీర్మానం

సిద్దిపేట జిల్లా దౌల్తాబాద్ మండల కేంద్రంలో కూడిన గల్ఫ్ కార్మికుల కుటుంబాల సభ ఈ తీర్మానం చేస్తున్నది.

బోర్లు ఎండి, మిత్తికి తెచ్చిన పైసలతో వీసా కొనుక్కొని మన పిల్లలు పోతున్నారు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోవాల్సింది ఎక్కువలో ఎక్కువ 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు ఎన్నో రెట్లు కట్టినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. అక్కడ క్యాంపు గదిలో ఇనుప మంచం మీద కింద మనవాడు, పైన నేపాలీ, పక్క మంచంలో బంగ్లాదేశీ. తెల్లవారక ముందే ముగ్గురూ ఒకే బస్సెక్కి ఒకే సైటులో దిగుతారు. జీతాలు మాత్రం మూడు రకాలు. ఏ దేశం మనిషి తక్కువకు దొరికితే కంపెనీ చూపు ఆ దేశం మీదికే పోతుంది.

2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ దేశాలకు కనీస రిఫరల్ వేతనాలను, అంటే ఇంతకు తగ్గి మనవాళ్లను పంపరాదని తనే పెట్టే జీతాలను, తగ్గించింది. ఖతర్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈలకు నెలకు 200 డాలర్లే అన్నది. కరోనా కాలంలో ఉద్యోగాలు నిలబెట్టడానికే అని చెప్పింది. దీనిపై తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. 2021 జులైలో ఆ ఉత్తర్వులు వాపసు అయ్యాయి. వాటి వెనకున్న భయం వాపసు కాలేదు. జీతం పెంచమంటే పని పక్క దేశానికి పోతుందన్న ఆ భయం ఖాట్మండులోనూ ఉంది, ఢాకాలోనూ ఉంది. ఇంటిపనికి పోయే తన ఆడబిడ్డలకు 400 డాలర్లకు తగ్గేది లేదని ఫిలిప్పీన్స్ 2006లోనే గీత గీసింది. మిగతా దేశాలన్నీ కలిసి ఆ గీత పక్కన నిలబడలేదు. నిలబడి ఉంటే మన ఆడబిడ్డలకూ ఆ జీతమే వచ్చేదని ఈ సభ నమ్ముతున్నది.

కలిసి కూర్చునే చోటు లేక కాదు. కార్మికులను పంపే దేశాల వేదికగా 2003లో మొదలైన కొలంబో ప్రాసెస్‌లో మనతోపాటు నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్ ఉన్నాయి. 2024లో దాని అధ్యక్షత మొదటిసారి మన దేశానికి వచ్చింది. 2008 నుంచి అబూ ధాబీ డైలాగ్‌లో కార్మికులను పంపే దేశాలు, తీసుకునే దేశాలు ఎదురెదురుగా కూర్చుంటున్నాయి. అక్కడి మాటలకు చట్టబలం లేదు. అందుకే మాట ముందు మనవైపు నుంచి గట్టిగా రావాలి.

కాబట్టి మేస్త్రీకి, హెల్పరుకు, డ్రైవరుకు, ఇంటిపని మనిషికి పంపే దేశాలన్నీ ఒకే కనీస జీతం ఒప్పుకోవాలని, ఏ ఒక్క దేశమూ దానికి తగ్గి మనుషులను పంపరాదని భారత ప్రభుత్వం కొలంబో ప్రాసెస్‌లో ప్రతిపాదించాలని ఈ సభ తీర్మానిస్తున్నది. గల్ఫ్ దేశాలతో మనం చేసుకునే ఒప్పందాల్లో ఆ అంకె రాయించాలి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు రాష్ట్రం 2024లో ప్రకటించిన 5 లక్షల రూపాయల సాయానికి మా కృతజ్ఞతలు. బతికి ఉన్నవాడి జీతం గురించీ రాష్ట్రం ఢిల్లీలో అంతే గట్టిగా అడగాలి.

ఈ ప్రతిని జిల్లా కలెక్టరుకు, మెదక్ పార్లమెంటు సభ్యునికి, విదేశాంగ శాఖకు పంపాలి. నేపాలీ, బెంగాలీ భాషల్లోకి తర్జుమా చేయించి, క్యాంపుల్లో ఉన్న మన పిల్లల ఫోన్లకు పంపాలి. వాళ్ల పక్క మంచాలవాళ్లు కూడా చదవాలి.