ఫెయిల్‌ చేయడానికే ఆ పరీక్ష!

విదేశాల్లో స్థిరపడాలనుకునే కుర్రకారుకు ఐఈఎల్‌టీఎస్‌ అంటే గుబులే. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం... నాలుగింటిలోనూ నెగ్గాలి. అర బ్యాండు తగ్గితే మళ్ళీ ఫీజు, మళ్ళీ ప్రిపరేషన్‌! అయినా ఒకప్పటి పరీక్షతో పోలిస్తే ఇది ఎంతో నయం. ఎందుకంటే, అది పాసవడానికి పెట్టింది కాదు మరి.

దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో మొదలైంది ఆ కిటుకు. సొంత ఖర్చుతో వచ్చే భారతీయ వ్యాపారుల్ని ఆపాలి. కానీ రంగు పేరు చెప్పి కాదంటే బ్రిటిష్‌ ప్రభుత్వానికి ఇబ్బంది. అందుకే, దరఖాస్తును ఏదైనా ఐరోపా భాషలో రాయాలంటూ 1897లో చట్టం చేశారు. మద్రాసు రేవు నుంచి చెరకుతోటలకు వెళ్ళే కూలీలకు మాత్రం- వారిలో తెలుగువారూ ఉన్నారు- ఆ షరతు లేదు!

1901లో ఆస్ట్రేలియా దీన్నే ఇంకాస్త పదును పెట్టింది. అధికారి యాభై పదాలు చదువుతాడు, వచ్చినవాళ్ళు రాయాలి. ఏ భాషలో అంటారా? ఐరోపా భాషల్లో అధికారి ఇష్టం! ఇంగ్లిష్‌ వచ్చినవాళ్ళకు మరో భాషలో పెడితే సరి. 1902-03ల్లో 805 సార్లు ఈ పరీక్ష పెడితే గట్టెక్కింది 46 మందే. 1909 తర్వాత ఒక్కరూ పాసవలేదు.

రంగు ఒక్కటే కాదు, ఆలోచనలు నచ్చకపోయినా ఇదే ఆయుధం. హిట్లర్‌ను వ్యతిరేకించిన చెక్‌ పాత్రికేయుడు ఎగాన్‌ కిష్‌ 1934లో సభల్లో మాట్లాడటానికి వచ్చాడు. ఓడ దిగనివ్వకపోతే మెల్‌బోర్న్‌ రేవులో కిందికి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయనకు చాలా భాషలు వచ్చు. అందుకని సిడ్నీలో ఏకంగా స్కాట్లండ్‌ గేలిక్‌లో డిక్టేషన్‌ ఇచ్చారు. తమాషా ఏంటంటే, చదివిన పోలీసే వాటి అర్థం కోర్టులో సరిగా చెప్పలేకపోయాడు. ఆ చట్టం చెప్పే ఐరోపా భాషల్లోకి గేలిక్‌ రాదంటూ హైకోర్టు కిష్‌కు పడిన శిక్షను కొట్టేసింది.

1958లో ఆ పరీక్షకు తెరపడింది. ఇప్పుడు ఏం అడుగుతారో, మార్కులెలా వేస్తారో ముందే తెలుసు. చదివితే గట్టెక్కొచ్చు. కానీ గీత ఎక్కడ గీయాలన్నది ఇప్పటికీ ఆ దేశం ఇష్టమే. ఒకరికి ఆరు చాలు, ఇంకొకరికి ఏడు కావాలి. కాబట్టి, అర బ్యాండు తగ్గిందని ఇంట్లో పిల్లల్ని చిన్నబుచ్చకండి. అది ఓ దేశం గీసిన గీతే... వాళ్ళ తెలివికి కొలత కాదు!