జాబితాలకు లొంగని వైరస్

ఆరోగ్య శాఖపై ప్రశ్న వేసిన పార్లమెంటు సభ్యునికి తరచు లభించే సమాధానం ఒకటే: అది రాష్ట్రాల అంశం. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు, రెండవ జాబితా, ఆరవ పద్దు అదే చెబుతున్నది. కాని అంటువ్యాధులు రాష్ట్రం నుండి రాష్ట్రానికి ప్రాకకుండా నిరోధించే అధికారాన్ని ఉభయులకూ ఇచ్చిన ఉమ్మడి జాబితాలోని 29వ పద్దు మంత్రులకు అంత సులభంగా జ్ఞాపకం రాదు.

ఖరగ్‌పూర్ సంగతి చూడండి. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి తెలుగువారు స్థిరపడిన ఊరు. శ్రీకాకుళం, విశాఖలతో వారి రాకపోకలు నేటికీ తెగలేదు. ఊరి వెలుపల విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో భారీ యంత్రాలు తయారవుతున్నవి. అక్కడి కార్మికుని బిడ్డకు అర్ధరాత్రి ఎగశ్వాస పుడితే ఏ వైరస్ వల్లనో ఆ ఊళ్లోనే తేలుతుందా, నూటపదిహేను కిలోమీటర్ల దూరాన ఉన్న కోల్‌కతాకు పరుగెత్తవలసిందేనా?

2023 తొలి మాసాలలో పశ్చిమ బెంగాల్ పసివారిని ఎడినోవైరస్ పీడించినప్పుడు జరిగింది ఆ పరుగే. కోల్‌కతా బి.సి. రాయ్ పిల్లల ఆసుపత్రి కిటకిటలాడింది. పై అధికారికి తెలియకుండా పిల్లలను వేరే ఆసుపత్రికి పంపరాదని ప్రభుత్వం ఉత్తర్వు చేయవలసి వచ్చింది. జిల్లా ఆసుపత్రుల స్థితికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. 19 మంది మరణించారనీ, వారిలో 13 మందికి ఇతర రుగ్మతలు కూడా ఉన్నవనీ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ మార్చిలో ప్రకటించారు. ఆ ‘కూడా’ ఏ తల్లికి ఊరట?

మూడు, ఏడు రకాలు కలిసిన ఎడినోవైరస్ అప్పుడు బయటపడింది. క్రొత్తగా గుర్తించినదల్లా క్రొత్తగా పుట్టినది కాదన్న సంగతి మాత్రం మరువరాదు. 2001లో డచ్చి శాస్త్రజ్ఞులు 28 మంది పిల్లలలో కనుగొన్న మెటాన్యుమోవైరస్, పాత రక్త నమూనాలను పరీక్షించగా, 1958 నాటికే అక్కడ సంచరిస్తున్నదని తేలింది. 2005లో స్వీడన్‌లో బోకావైరస్ వెల్లడి అయింది. అంతవరకు అవి ‘ఏదో జ్వరం, దగ్గు’ పద్దులో పోయినవే! అయినా 2025 జనవరి 6న బెంగుళూరులో ఇద్దరు శిశువులకు మెటాన్యుమోవైరస్ ఉన్నదనగానే స్టాక్ మార్కెట్ 1,200 పాయింట్లకు పైగా పడిపోయింది. పెట్టుబడిదారులకు ఉన్నపాటి కలవరం పాలకులకు ఉండరాదా?

ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రి కేంద్రానిదే. పారిశ్రామిక కార్మికుల బీమా 1948 నాటి కేంద్ర చట్టం క్రిందిదే. ఊపిరాడని బిడ్డకు అక్కడనే వైరస్ పరీక్ష, ప్రాణవాయువు, పిల్లల వైద్యుడు లభించేటట్లు చూడడానికి ఏ జాబితా అడ్డు వస్తున్నది? మన తెలుగు సభ్యులలో ఒక్కరైనా వచ్చే సమావేశాలలో రైల్వే మంత్రిని ఈ ప్రశ్న అడగవచ్చు.