పిల్లల పుస్తకమే సులువా?

జపనీస్ నేర్చుకునేవాళ్లు పాఠ్యపుస్తకాలు అయిపోయి, ఇక అసలు నవల పట్టుకుందాం అనుకోగానే చాలామంది సోసెకి రాసిన, పిల్లి తన కథ చెప్పే నవల దగ్గరికి వెళతారు. 1905లో మొదలైన ఆ నవల ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, పేరూ పెద్దదే. కానీ పండితుడి ధోరణిలో ఊదరగొట్టే ఆ పిల్లి వెటకారం మెయిజీ కాలపు చదువరుల కోసం పుట్టింది. కొత్తవాళ్లకు మొదటి పేజీలు దాటడమే గండం.

అక్కడ దెబ్బతిన్నవాళ్లు పసిపిల్లల బొమ్మల పుస్తకాలకు దిగుతారు. ఇది ఇంకా పెద్ద పొరపాటని నా అభిప్రాయం. వాటిలో కంజీ, అంటే అర్థాన్ని చూపే చైనా అక్షరాలు, ఉండదు, అంతా ఉచ్చారణను మాత్రమే రాసే హిరగానాయే. హాయిగా ఉంటుందనిపిస్తుంది గానీ, జపనీస్‌లో ఒకేలా పలికే మాటలు బోలెడు, వాటిని కంటికి విడదీసి చూపేది కంజీయే. పైగా చప్పుళ్లను, కదలికలను పట్టి చెప్పే జంటమాటలు అడుగడుగునా వస్తాయి. జపాన్ పిల్లలు ఇవన్నీ బడికి రాకముందే విని ఉంటారు. పుస్తకం వాళ్ల చెవిని నమ్ముకుని రాసింది, మన డిక్షనరీని కాదు.

కాస్త పెద్ద పిల్లల కోసం కొదాన్షా ప్రచురణసంస్థ 'అఓయి తోరి బున్కో', కదొకావా సంస్థ 'త్సుబాసా బున్కో' వంటి పుస్తకాల వరసలున్నాయి. వాటిలో కంజీ అలాగే ఉంటుంది, పక్కన ఎలా చదవాలో చిన్న అక్షరాల్లో ఫురిగానా ఉంటుంది. రోజువారీ వాడుకకు ప్రభుత్వం నిర్ణయించిన 2,136 కంజీలూ వచ్చేదాకా నవలను వాయిదా వేయక్కర్లేదన్నమాట.

తెలుగువాళ్లెవరైనా అడిగితే కురొయనాగి తెత్సుకో 'తొత్తొచాన్' (1981) పేరే ముందు చెబుతాను. నవల కాదు, చిన్ననాటి జ్ఞాపకాలు. అయితేనేం, అధ్యాయాలు పొట్టివి, ఫురిగానాతో అఓయి తోరి ప్రతి దొరుకుతుంది. దాని తెలుగు అనువాదం 'రైలుబడి' చదివినవాళ్లకు బడి నడిచే ఆ రైలుపెట్టెలూ, కొబయాషి మాస్టారూ ముందే తెలుసు. ఏం జరగబోతోందో తెలిసినవాళ్లు తెలియని మాట దగ్గర ఆగిపోరు.

ఆ తర్వాత మురతా సయకా 'కొన్బిని నిన్గెన్'. 2016లో అకుతగావా బహుమతి వచ్చిన చిన్న నవల. అందులో నాయిక పద్దెనిమిదేళ్లుగా ఒకే దుకాణంలో పనిచేస్తుంది. అవే అరలు, అవే పలకరింపులు. పెద్దల నవలే, కానీ లోకం ఇరుకు కాబట్టి మొదట్లో వెతుక్కున్న మాటలే మళ్లీ మళ్లీ ఎదురవుతాయి.

ఇప్పుడు మన సంగతి. అమెరికాలోనో బెంగళూరులోనో పెరిగి, పెద్దయ్యాక తెలుగు చదవాలనుకునేవాళ్ల చేతిలో మనం ముళ్లపూడి రాసిన 'బుడుగు' పెడతాం, పిల్లాడి కథ కదా అని. ఆయన నవ్వంతా మాటను వంకర తిప్పడంలోనే ఉంది. తిన్నని మాటే తెలియనివాళ్లకు ఆ వంకర ఎలా అందుతుంది? సోమరాజు సుశీల 'ఇల్లేరమ్మ కతలు' ఇచ్చి చూడండి. ఒకే కుటుంబం, పొట్టి కథలు, ఇంట్లో వినిపించే తెలుగు.

మన లిపికి ఫురిగానా అక్కర్లేదు, అక్షరాలు వస్తే గడగడా పైకి చదివేయొచ్చు. చిక్కల్లా సంధి కలిసి పొడుగైన మాటల దగ్గర, సామెతల దగ్గర, ఊరి వాడుకల దగ్గర. మంచి పుస్తకాన్ని కత్తిరించి 'సరళం' చేయడం మానేసి, మూలాన్ని అలాగే ఉంచి, ఆ మాటలకు మాత్రం పేజీ అంచున విడదీసిన రూపమూ అర్థమూ వేస్తే చాలు. ఏ ప్రచురణకర్తకూ అదేమంత ఖర్చు కాదు.