ద్వారకా నగర్ పిల్లల సాయంత్రాల గురించి

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

ఆర్టీసీ కాంప్లెక్స్‌ను ఆనుకున్న ద్వారకా నగర్ నిండా బట్టల షాపులు, కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు. వాటిలో పనిచేసేవాళ్ల పిల్లలు సాయంత్రానికే బడి నుంచి ఇల్లు చేరతారు. షాపుల షట్టర్లు దిగేది రాత్రికి. బడిలో ఎవరు కొట్టారో, టీచర్ ఎందుకు మెచ్చుకుందో చెప్పాలని పిల్లవాడు ఉవ్విళ్లూరే వేళకు వినేవాళ్లు ఉండరు. అమ్మానాన్న వచ్చేసరికి వాడు నిద్రపోతాడు. ఆదివారం కొనిచ్చే బొమ్మ ఆ లోటు తీర్చదు.

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం, 50 మంది లేక అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలంది. తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావచ్చు. తండ్రి ఊసే లేదు. అది పెద్ద లోపమే. చిన్న షాపులకు ఈ నిబంధన అసలు వర్తించదు. పైగా రోజువారీ పని పరిమితిని 10 గంటలకు పెంచాలని 2025లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. వారానికి 48 గంటల హద్దు మారలేదంటారు. పసివాళ్లకు వారం లెక్క తెలియదండీ, వాళ్లకు కావలసింది ఇవాళ్టి సాయంత్రం.

పెద్ద సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రాలు ఉన్నాయో లేదో తనిఖీ చేయించండి. ఉమ్మడి కేంద్రాలకు చట్టం ఒప్పుకుంటుంది కనుక, చిన్న షాపులవాళ్లనూ కలుపుకొని ఇక్కడ ఒకటి, రాత్రి షాపులు మూసేదాకా నడిచేలా పెట్టించండి. పసిపిల్లలున్న తల్లినీ తండ్రినీ వంతులవారీగా ఆరింటికే ఇంటికి పంపేలా యజమానులను పిలిచి మాట్లాడండి.

ఇట్లు,
ద్వారకా నగర్ నివాసి