బతికిన మొక్కకే లెక్క

ఈ నెల ఒక ఆఫ్రికా ఆడబిడ్డ ముచ్చట చెప్తా. పేరు వంగారి మాథాయ్, దేశం కెన్యా. 1940లో పల్లెటూరి రైతు ఇంట్ల పుట్టింది. కష్టపడి చదివి 1971లో డాక్టరేటు తీసుకుంది.

అంత చదివినా ఊరి ఆడవాళ్ల మాట విన్నది. వంటకు కట్టెలు లేవు, నీళ్లకు దూరం పోవాలె, పిల్లలకు సరైన తిండి లేదని వాళ్లు చెప్పిన్రు. తేయాకు, కాఫీ తోటల కోసం అడవి నరికిన్రు, వాగులు ఎండినయి. ఈ బాధలన్నిటికీ మూలం అదేనని ఆమెకు అర్థమైంది. 1977 జూన్ 5న నైరోబిలో 7 మొక్కలు నాటి 'గ్రీన్ బెల్ట్' ఉద్యమం మొదలుపెట్టింది. చదువురాని ఆడవాళ్లతో నారు పెంచేదేందని అడవి అధికార్లు తేలిగ్గా మాట్లాడిన్రు. ఆ ఆడవాళ్లే 2004 నాటికి 3 కోట్ల చెట్లు పెంచిన్రు.

ఇందుల నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మొక్కకింత అని వాళ్లకు కొద్దిగా పైసలిచ్చేవాళ్లు. నాటినందుకు కాదు, అది బతికితేనే. మిల్లుల పనిచేసినోళ్లకు ఇది తొందరగా తెలుస్తది. మగ్గం ఎంతసేపు ఆడిందని కాదు, ఫోల్డింగులో పాసైన బట్ట ఎన్ని మీటర్లన్నదే కదా లెక్క.

1989లో నైరోబిలోని ఉహురు పార్కులో సర్కారు 60 అంతస్తుల బిల్డింగు కడతనంటే ఎదురు నిలిచి ఆపించింది. 1999లో కరురా అడవి కోసం పోతే గూండాలు తల పగలగొట్టిన్రు. 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అది అందుకున్న మొదటి ఆఫ్రికా మహిళ ఆమెనే.

చెట్టుకూ శాంతికీ ఏం సంబంధం అంటరా? మే నెలల మన బస్తీ నల్లా కాడికి పోయి చూడున్రి. నీళ్లు తగ్గిన్నాడే బిందెల కొట్లాట మొదలైతది. నీళ్లు, కట్టెలు, నేల తక్కువైతే దేశాల్లో కూడా కొట్లాటలు అట్లనే వస్తయని ఆమె చెప్పింది.

మనోళ్లలో కూడా ఉన్నరు. మన బల్లార్షా నుంచి పోయే రైలు లైను మీదనే ఖమ్మం. అక్కడి రెడ్డిపల్లి రామయ్య, జానమ్మ దంపతులు జీవితమంతా విత్తనాలు ఏరి మొక్కలు పెంచిన్రు. జనం ఆయనను వనజీవి అన్నరు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

వంగారి 2011లో పోయింది. తన కోసం చెట్టు కొట్టి పెట్టె చేయొద్దన్నది. వెదురు, తుంగ, గుర్రపుడెక్కతో చేసిన పెట్టెలో సాగనంపిన్రు.

మన ఊర్జానగర్ పక్కనే కరెంటు కార్ఖానా, ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతది. వానలు పడంగనే మొక్కలు నాటుతరు, ఫొటోలు దిగుతరు. మే వచ్చేసరికి చాలా కాడ ఎండిన పుల్లలే మిగులుతయి. ఈసారి ఇంటికొకటి, వేపో కానుగో పెట్టున్రి. మేకలు తినకుండా చుట్టూ ముళ్లకంప కట్టున్రి. బియ్యం కడిగిన నీళ్లు దానికే పోయున్రి. ఏడాది తిరిగినంక ఎన్ని బతికినయో పత్రికకు రాయున్రి. ఎన్ని నాటిన్రో రాయొద్దు.